టపాసులకి ఉలిక్కిపడని హవల్దార్: ఒక పీటీఎస్‌డీ కేసు

ముందే చెప్పేస్తున్నా, ఇందులో ఊరు, యూనిట్, ఏ సంవత్సరం, పిల్లల చదువులు అన్నీ మార్చేశా, కొన్ని కావాలనే వదిలేశా, ఆయనకి చదివి వినిపించి సరే అన్నాకే బయట పెడుతున్నా. ఇక్కడ ఆయన్ని హవల్దార్ గారనే అంటా. సికింద్రాబాద్ వైపు ప్రాక్టీస్ చేసే క్లినికల్ సైకాలజిస్టులకి మాజీ సైనికులు కొత్తేం కాదు, అల్వాల్, యాప్రాల్, బొల్లారం, తిరుమలగిరి ఏ గల్లీలోకి వెళ్ళినా ఇద్దరు ముగ్గురు రిటైర్డ్ ఫౌజీలు కనిపిస్తారు. కానీ నాకు పీటీఎస్‌డీ (ప్రాణాపాయం లాంటి ఘోరమైన అనుభవం తర్వాత మిగిలిపోయే మానసిక జబ్బు) ఉందేమో అని వచ్చేవాళ్ళు దాదాపు ఉండరు. తాగుడని వస్తారు, బీపీ అని వస్తారు, నిద్ర పట్టట్లేదని వస్తారు, ఎక్కువసార్లు భార్య లాక్కొస్తే వస్తారు. ఈ కేసు రాయాలనిపించింది ఎందుకంటే "పెద్ద శబ్దాలకి ఉలిక్కిపడతారా, దీపావళి టపాసులు ఇబ్బంది పెడతాయా" అని మేం రొటీన్‌గా అడిగే ప్రశ్నకి ఈయన లేదన్నారు. అబద్ధం కాదు, నిజంగానే లేదు. అయినా జబ్బు ఉంది.

నేపథ్యం

వయసు 40ల చివర్లో. సొంతూరు ఉత్తరాంధ్ర. ఇంటర్ అవగానే భర్తీకి వెళ్ళి సెలెక్ట్ అయ్యారు, 20 ఏళ్ళ పైన సర్వీసు, హవల్దార్‌గా రిటైరయ్యి పిల్లల చదువుల కోసం హైదరాబాద్‌లో సెటిలయ్యారు. పని రేడియో సెట్ ఆపరేటర్. మధ్యలో మిలిటెంట్లతో పోరాడే ఆర్మీ దళం రాష్ట్రీయ రైఫిల్స్‌తో కశ్మీర్‌లో ఒక టెన్యూర్ చేశారు. ఊళ్ళో ఎవరు కలిసినా ఒకటే ప్రశ్న, "కార్గిల్‌కి వెళ్ళావా?" 1999లో ఆయన వేరే చోట ఉన్నారు. వెళ్ళలేదంటే "అయితే యుద్ధం చూళ్ళేదన్నమాట" అనేసి వాళ్ళు టాపిక్ మార్చేస్తారు. ఈ మాట వినీ వినీ ఆయన కూడా నమ్మేశారు, తర్వాత మాకు ఇదే పెద్ద అడ్డం అయింది.

రిటైరయ్యాక ఏటీఎంలకి డబ్బు తీసుకెళ్ళే క్యాష్ వ్యాన్‌లో గన్‌మ్యాన్. సొంత లైసెన్సు, సొంత 12 బోర్ డబుల్ బ్యారెల్. మాజీ సైనికులకి ఈ ఉద్యోగాలు తేలిగ్గా దొరుకుతాయి, గన్ ఉంటే జీతం కొంచెం ఎక్కువ.

ఏ కంప్లైంట్‌తో వచ్చారు

మాట్లాడింది అంతా భార్యే. "మేడమ్ గారూ, క్యాంటీన్ నుంచి రమ్ము తెచ్చుకున్న రోజు నుంచి అది అయిపోయేదాకా ఇంట్లో ఎవరం నోరెత్తం" అన్నారు. తాగుడు రోజూ ఉంది, కోటా అయిపోతే బయట కొంటారు. బెడ్రూమ్‌లో పడుకోరు, హాల్లో మెయిన్ డోర్ పక్కన చాప. రాత్రి 2 గంటలు దాటాక లేచి టెర్రస్ మీదకెళ్ళి ట్యాంకుల చుట్టూ తిరిగి చూసొస్తారు. పెళ్ళిళ్ళకి రారు, వచ్చినా గోడకి ఆనుకుని గుమ్మం కనిపించేలా కూర్చుంటారు, భోజనం అవ్వకుండానే వెళ్ళిపోతారు. ఇవన్నీ ఆవిడ "మిలిటరీ అలవాట్లు" కింద లెక్కేసుకున్నారు. నిజంగా భయపడింది మాత్రం ఒక్క విషయానికి. హాస్టల్లో ఉన్న కూతురితో మాట్లాడుతుంటే లైన్ కట్టయింది, అమ్మాయి ఫోన్ ఛార్జింగ్ అయిపోయింది అంతే. ఈయన ఆపకుండా డయల్ చేస్తూనే ఉన్నారు, తర్వాత లుంగీ మీదే బస్సెక్కి తెల్లారేసరికి హాస్టల్ గేటు ముందున్నారు. అమ్మాయి బయటికొస్తే ఏమీ మాట్లాడలేదట, చూసి తిరిగొచ్చేశారు.

అంతకుముందు చూపించిన చోట బీపీకి మాత్ర, నిద్రకి ఆల్ప్రజోలమ్ ఇచ్చారు, రమ్ము మీద ఆల్ప్రజోలమ్ వేసుకుంటూ నెలలు గడిచాయి. ఊళ్ళో తాయత్తు కట్టించారు. ఒక డీఅడిక్షన్ సెంటర్లో మూడు వారాలు ఉంచారు, అక్కడ తాగుడైతే మానేశారు గానీ రాత్రుళ్ళు కేకలు మొదలయ్యాయి, పక్క బెడ్ల వాళ్ళు కంప్లైంట్ చేశారు, ఇంటికొచ్చిన వారంలోనే మళ్ళీ సీసా. ఈ చివరి ముక్క దగ్గర నేను ఆగాను. మందు విత్‌డ్రాయల్‌లో నిద్ర చెడటం మామూలే, పీడకలలు కూడా వస్తాయి, కానీ అది రోజులు గడిచేకొద్దీ తగ్గాలి. ఈయనకి మందు మానిన రోజులు పెరిగేకొద్దీ కలలు పెరిగాయి. అంటే మందు దేన్నో తొక్కిపెడుతోంది.

మొదటి నిర్ణయం గన్ గురించి

తాగుడు, కోపం, నిద్రలేమి, ఇంట్లో లోడ్ చెయ్యగల ఆయుధం. డయాగ్నసిస్ ఏదైనా సరే ఈ నాలుగూ కలిసి ఉన్నప్పుడు ముందు ఆయుధం సంగతి తేల్చాలి. చచ్చిపోవాలనిపిస్తుందా అని ఇద్దర్నీ విడివిడిగా అడిగా. ఆయన "అలాంటి పిరికి పని చెయ్యను" అన్నారు, ఆవిడేమో ఒక రాత్రి ఆయన గన్ తుడుస్తూ గంటసేపు కూర్చున్నారని చెప్పారు. మీ మీద చెయ్యి చేసుకున్నారా అని కూడా ఆవిడ్ని ఒంటరిగానే అడగాలి, అడిగా, లేదన్నారు, ప్లేటు విసిరారు అన్నారు.

గన్ డిపాజిట్ చెయ్యమంటే ఆయన లేచి నిలబడిపోయారు. "గన్ పోతే నౌకరీ పోతుంది మేడమ్." సబబైన మాటే, ఇంటి అద్దె, కూతురి ఫీజు దాంతోనే నడుస్తున్నాయి. నేను వాదించలేదు, యూనిట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే ఆయుధం ఎక్కడుంటుందని అడిగా. "కోత్‌లో జమ చేస్తాం" అన్నారు వెంటనే, సైన్యంలో ఆయుధాల గదిని అలా అంటారు. ఆ లెక్కలో ఒప్పుకున్నారు. లైసెన్సు గన్‌ని పోలీస్ స్టేషన్లో డిపాజిట్ చెయ్యడం ఎన్నికలప్పుడు అందరికీ అలవాటే కాబట్టి ఇరుగుపొరుగుకి చెప్పుకోడానికీ ఇబ్బంది లేకపోయింది. తెలిసినవాళ్ళ ద్వారా ఒక పెద్ద అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో ఆయుధం లేని సెక్యూరిటీ సూపర్‌వైజర్ పని దొరికింది. రాత్రిపూట ఏమైనా అనిపిస్తే ఫోన్ చెయ్యమని 14416, అంటే టెలీ మానస్ నంబర్, ఇద్దరి ఫోన్లలోనూ సేవ్ చేయించా.

మా సైకియాట్రిస్ట్ అడ్మిట్ చేసుకుని మందు మాన్పించారు. రోజూ తాగేవాళ్ళు ఇంట్లో ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్యలో డెలీరియం, అంటే ఒళ్ళు తెలీని అయోమయం రావచ్చు, అందుకే హాస్పిటల్లో, థయమిన్ (విటమిన్ బి1) ఇంజెక్షన్లతో, విత్‌డ్రాయల్‌కి ఇచ్చే మాత్రల డోసు తగ్గించుకుంటూ. ఆల్ప్రజోలమ్ కూడా అప్పుడే ఆపించాం. ఈ రకం మాత్రలు పీటీఎస్‌డీకి వద్దని అమెరికా వెటరన్స్ గైడ్‌లైన్లు గట్టిగానే చెబుతాయి, మా దగ్గర మాత్రం "నిద్ర మాత్ర" పేరుతో ఇంకా ధారాళంగా రాసేస్తుంటారు.

అన్నీ సున్నాలు

పీసీఎల్-5 అనే ప్రశ్నాపత్రం ఇచ్చా. 20 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 4, మొత్తం 80. సుమారు 31–33 దాటితే పీటీఎస్‌డీ గురించి సీరియస్‌గా చూడాలి. ఆయన 20కీ సున్నా పెట్టి సంతకం కూడా చేసిచ్చారు. సంతకం ఎక్కడా అడగలేదు. అప్పుడర్థమైంది, ఆయనకి ఇది మెడికల్ బోర్డు. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ మెడికల్ కేటగిరీ పడిపోతే ప్రమోషన్ పోతుంది, కోర్సులు పోతాయి, మానసికమైనది రాస్తే ఇక తోటివాళ్ళు చూసే చూపే వేరు. అన్నీ బాగానే ఉన్నాయని రాయడం 20 ఏళ్ళు నేర్చుకున్న విద్య. "ఈ కాగితం ఈసీహెచ్ఎస్‌కి వెళ్తుందా, పెన్షన్ ఆపుతారా, ఎర్రగడ్డ పంపిస్తారా" అని మూడూ వరసగా అడిగారు (ఈసీహెచ్ఎస్ అంటే మాజీ సైనికుల వైద్య పథకం, ఎర్రగడ్డ అంటే అక్కడి మానసిక ఆసుపత్రి). 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం ప్రకారం ఈ వివరాలు గోప్యంగా ఉంచడం ఆయన హక్కని, ఫైలు ఎక్కడుంటుందో, ఎవరు చూస్తారో చూపించి చెప్పా. ప్రశ్నాపత్రం పక్కన పెట్టేశా. సున్నాల పేపర్ చూసి పీటీఎస్‌డీ లేదని రాసేస్తే అక్కడితో కేసు తాగుడు కేసుగానే మిగిలిపోయేది.

టపాసుల సంగతి అప్పుడే అడిగా. వినాయక నిమజ్జనం డీజేలు, బారాత్ బ్యాండు, దీపావళి, దేనికీ ఏం లేదన్నారు, భార్య కూడా నిజమే అన్నారు, "పిల్లల కోసం ఆయనే కాలుస్తారు."

క్లూ ఎక్కడ దొరికింది

కొత్త ఉద్యోగంలో చేరి మూడో రోజు గేటు దగ్గర నుంచి మాయమైపోయారు. మెయిన్ రోడ్డు మీద బస్ షెల్టర్‌లో దొరికారు, చొక్కా మొత్తం తడిసిపోయి, తాగి లేరు. వచ్చిన సెషన్లో "ఆ పని నాకు పడదు" తప్ప ఇంకేం చెప్పరు. పని ఏంటో చెప్పండి అంటే లిస్టు చెప్పుకుంటూ వెళ్ళారు, రిజిస్టర్, విజిటర్లు, రౌండ్లు, జీతాలు, అన్నీ మామూలుగానే చెప్తున్నారు, "వాకీటాకీ" దగ్గరకొచ్చేసరికి చెయ్యి వెళ్ళి చెవి మీద పడింది. ఆయనకి తెలీకుండానే. క్యాష్ వ్యాన్‌లో ఇన్నేళ్ళు వాకీటాకీ లేదు. గన్ వదిలించుకుని వచ్చిన ఉద్యోగంలో అది నడుముకే ఉంటుంది, రోజంతా బుస్సుమంటూ.

కూతురి ఫోన్ అప్పుడు గుర్తొచ్చింది నాకు. అక్కడా భయపెట్టింది శబ్దం కాదు, పిలిస్తే జవాబు రాకపోవడం. "సెట్ మీద ఎప్పుడైనా ఎవరైనా జవాబివ్వడం ఆగిపోయిందా?" అని అడిగా. చాలాసేపటి తర్వాత హిందీలో మొదలుపెట్టారు, ఆర్మీ సంగతులన్నీ ఆయన హిందీలోనే చెప్తారు.

కంపెనీ బేస్‌లో రాత్రి డ్యూటీ. ఒక పార్టీ ఆంబుష్ (మాటు) వేయడానికి బయటికెళ్ళింది, దాంతో ఉన్న ఆపరేటర్ ఈయన దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు, మన వైపు వాడే. ఫైరింగ్ మొదలైంది. ఈయన ముందు రెండు సెట్లు, ఒకటి పార్టీది, ఇంకోటి పైవాళ్ళది. పైనుంచి ఆఫీసర్ లొకేషన్ అడుగుతుండగా ఇవతల సెట్లో కుర్రాడు తెలుగులో పిలిచాడు, రేడియో నెట్ మీద తెలుగు మాట్లాడకూడదు. "అన్నా, ఇనపడతందా?" ఈయన "వెయిట్ అవుట్" అన్నారు, ఆగు నేనే పిలుస్తా అని. లొకేషన్ పాస్ చేసి వెంటనే పిలిచారు. జవాబు లేదు, ఉత్త బుస్సు. తెల్లారేదాకా పిలుస్తూనే ఉన్నారు.

చెప్పడం అయిపోయాక ఆయనన్న మొదటి మాట, "నాకేం తగల్లేదు మేడమ్, నేను బేస్‌లో ఉన్నా." ఈ వాదన కొందరు డాక్టర్ల నోటా విన్నా, ఎదురుగా లేడు కదా అని. మానసిక జబ్బుల నిర్ధారణకి మేం చూసే అమెరికా పుస్తకం డీఎస్‌ఎమ్-5 ప్రకారం దగ్గరివాళ్ళు హింసలో చనిపోయారని తెలుసుకోవడం కూడా ట్రామా కిందకే వస్తుంది, ఈయనైతే ఆ క్షణంలోనే లైన్లో ఉన్నారు. ఇన్నేళ్ళు ఎందుకు బయటపడలేదంటే, బ్యారక్‌లో రాత్రి రెండింటికి లేచి చుట్టూ చూసేవాణ్ణి ఎవరూ వింతగా చూడరు, అది డ్యూటీ. తోటివాళ్ళు పక్కనే ఉంటారు కాబట్టి ఎవరూ మాయమవ్వరు. రిటైరయ్యాక అదే అలవాటుకి చోటు లేకుండా పోయింది, పిల్లలు హాస్టళ్ళకి వెళ్ళాక అందరూ ఫోన్ అవతలే అయిపోయారు. మళ్ళీ పీసీఎల్-5 నింపారు, ఈసారి సంతకం లేదు. 54 వచ్చింది.

నడవనివి

డిప్రెషన్‌కి కూడా వాడే సెర్ట్రలిన్ 50 మిల్లీగ్రాములతో మొదలై 150కి వెళ్ళింది. పీటీఎస్‌డీకి అమెరికా ఎఫ్‌డీఏ ఆమోదం ఉన్న రెండు మందుల్లో ఇదొకటి, రెండోది పారోక్సెటిన్. కోపం కొంచెం దిగింది, కలలు దిగలేదు. కలల కోసం సైకియాట్రిస్ట్ ప్రజోసిన్ ట్రై చేశారు, అది అసలు బీపీ మందు, ఈయన అప్పటికే ఆమ్లోడిపిన్ అనే ఇంకో బీపీ మాత్ర మీద ఉన్నారు, చిన్న డోసుకే పొద్దున లేవగానే కళ్ళు తిరిగి బాత్రూమ్‌లో పడబోయారు. ఆపేశాం. 2018లో అమెరికా మాజీ సైనికుల మీద జరిగిన పెద్ద ట్రయల్లో ప్రజోసిన్‌కీ ఉత్తుత్తి మాత్రకీ తేడా కనపడలేదు, కొంతమందికి పనిచేస్తుందని వాడతారు గానీ పడిపోయే రిస్కు పెట్టుకుని పట్టుబట్టేంత ఆధారం లేదు.

థెరపీలో ముందు ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ ఎంచుకున్నాం. జరిగిందాన్ని కళ్ళు మూసుకుని వర్తమానంలో జరుగుతున్నట్టు మళ్ళీ మళ్ళీ చెప్పించి, రికార్డ్ చేసి ఇంట్లో వినమంటాం, చెప్పగా చెప్పగా భయం దానంతట అదే అరుగుతుంది. కాంబాట్ పీటీఎస్‌డీకి బాగా ఆధారం ఉన్న పద్ధతే. ఈయన దగ్గర రెండు చోట్ల ఇరుక్కుంది. ఒకటి, చెప్పడం అంతా సిట్‌రెప్‌లా (పైఅధికారులకి పంపే పరిస్థితి రిపోర్టులా) ఉంది, టైము, దిశ, ఎంతమంది, హిందీలో, ఒక్క తడబాటు లేకుండా. బాధ 0 నుంచి 100లో ఎంత అంటే ప్రతిసారీ 40. రెండు, రికార్డింగ్ వినడం. ఫోన్ స్పీకర్లోంచి గరగరమంటూ వచ్చే గొంతు ఆయనకి అచ్చం సెట్. అన్నిటికన్నా కష్టమైన మెట్టుతోనే మొదలుపెట్టమన్నట్టయింది, సెషన్లు ఎగ్గొట్టారు, ఒక రాత్రి తాగారు కూడా.

ఇక్కడ ఇంకొన్ని సెషన్లు ఓపిక పట్టడమా, పద్ధతి మార్చడమా అనేది తేలిగ్గా తేలలేదు. ఎగవేత అనేది ఈ జబ్బు లక్షణమే, పేషెంట్ ఎగ్గొట్టిన ప్రతిసారీ పద్ధతి మారిస్తే మనమూ ఎగవేతలో పార్ట్‌నర్లం అవుతాం. మార్చాలని నిర్ణయించింది 40 అంకెని చూసి. భయం అయితే ఎక్కడో ఒకచోట 80కి ఎక్కి దిగాలి. ఎక్కట్లేదంటే మనం పట్టుకున్నది అసలుది కాదు. ఆయన ఆ రాత్రి భయపడలేదు, పనిలో ఉన్నారు. ఆయన్ని తింటున్నది తర్వాత వేసుకున్న తీర్పు: "నేను వెయిట్ అవుట్ అనకపోయుంటే వాడు బతికేవాడు."

నడిచింది

కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీకి మారాం, జరిగిందాని మీద మనిషి వేసుకున్న తీర్పుల్ని పరీక్షించి చూసే పద్ధతి ఇది, మామూలుగా 12 సెషన్లు, మాకు ఎక్కువే పట్టాయి. నైట్ షిఫ్టులతో ప్రతివారం కుదిరేది కాదు. నేను పెట్టిన కండిషన్ ఒకటే, ఇకమీదట ఇది తెలుగులో చెప్పాలి, ఇంట్లో మాట్లాడే తెలుగులో. హిందీలో అది రిపోర్టుగానే ఉండిపోతోంది. తెలుగులో మొదలుపెట్టిన రోజు కుర్రాడి మాట దాకా రాలేకపోయారు.

ఓ పెద్ద చార్ట్ మీద ఆ రాత్రిని నిమిషాల లెక్కన గీయించా. ఒక పక్క ఆ నిమిషానికి మీకేం తెలుసు, ఇంకో పక్క తర్వాత ఏం తెలిసింది. ఆపరేటర్ కదా, ఈ పని ఆయనకి చేతనైన పని, లాగ్‌బుక్ రాసినట్టు రాశారు. రాస్తూ రాస్తూ ఆయనే ఆగిపోయారు. ఆయన ఆ లొకేషన్ పాస్ చేశాకే క్యూఆర్‌టీ (సాయానికి వెంటనే వెళ్ళే దళం) సరైన నాలాలోకి, అంటే కొండవాగులోకి దిగింది, పార్టీలో మిగతావాళ్ళు ప్రాణాలతో తిరిగొచ్చారు. ఈ సంగతి ఆయనకి తెలీక కాదు, ఎప్పుడూ ఈ లెక్కలోకి తీసుకోలేదు. "మీ దగ్గర నేర్చుకున్న జూనియర్ ఎవరైనా ఇదే పని చేసుంటే చార్జ్ పెట్టేవారా?" అంటే, "లేదు, షాబాష్ అనేవాణ్ణి" అని ఇంకా మాట పూర్తి కాకుండానే నా మీద కోపం తెచ్చుకున్నారు. "అయితే ఎవరి తప్పూ కాదా? వాడు ఊరికే పోయినట్టా?"

ట్రైనీలు ఇక్కడ కంగారు పడతారు, ఓదార్చబోతారు. నా లెక్కలో ఈ కేసులో ముఖ్యమైన సెషన్ ఇదే. తప్పు నాది అనుకోవడంలో ఒక లాభం ఉంది, తప్పు నాదైతే అది నా చేతిలో ఉండేదని అర్థం. దాన్ని తీసేస్తే మిగిలేది చేతిలో ఏమీ లేకపోవడం, అది ఇంకా కష్టం. తర్వాతి రెండు సెషన్లు వర్క్‌షీట్లు లేవు, ఏమీ లేవు, ఆ కుర్రాడి గురించి చెప్పుకున్నారు. వాడు ఎంత తినేవాడో, చేపల పులుసు అంటే ఎలా పడి చచ్చేవాడో. ఇన్నేళ్ళలో వాడి పేరు ఇంట్లో ఎప్పుడూ తియ్యలేదట.

ఆ తర్వాతే వాకీటాకీ. ముందు స్విచాఫ్ చేసింది చేతిలో పట్టుకోవడం, తర్వాత పార్కింగ్‌లో ఆన్ చేసి వినడం, తర్వాత పిలవడం, చివరికి తోటి గార్డుతో మాట్లాడుకుని అతను కావాలని ఆలస్యంగా జవాబిచ్చేలా పెట్టుకోవడం. మొదట ఇరుక్కున్న ఎక్స్‌పోజరే ఇది, అపరాధం పక్కకి జరిగాక మామూలుగా పనిచేసింది, 80కి ఎక్కింది, దిగింది.

ఇంట్లో కూడా మార్చాల్సింది ఉంది. ఆయన కంగారు పడకూడదని భార్య మొదటి రింగుకే ఫోన్ ఎత్తేవారు, పిల్లలు గంటకోసారి మెసేజ్ పెట్టేవారు. ప్రేమతో చేస్తున్నదే గానీ జవాబు ఆలస్యమైతే ఏమీ కాదని తెలుసుకునే ఛాన్సే ఆయనకి రాట్లేదు. లైన్ కట్టయితే 15 నిమిషాలు ఆగాకే మళ్ళీ చెయ్యాలని రూలు పెట్టుకున్నారు, తర్వాత అరగంట. "నేను ఫోన్ పక్క గదిలో పెట్టి స్నానానికెళ్ళాలంటే నాకే భయమేసేది" అన్నారావిడ.

ఇప్పుడు

పీసీఎల్-5 ఈమధ్య 23. 10 పాయింట్లకు పైగా తగ్గితేనే చెప్పుకోదగ్గ మార్పంటారు, కాబట్టి మంచి మార్పే. కలలు వారంలో ఒకటి. ఆ సంఘటన జరిగిన నెలలో ఒకసారి తాగారు, మర్నాడు ఆయనే ఫోన్ చేసి చెప్పారు. వచ్చే ఏడు ఆ నెలకి ముందే అపాయింట్‌మెంట్లు దగ్గర దగ్గరగా పెట్టుకున్నాం. మందులు ఇప్పుడు ఈసీహెచ్ఎస్ నుంచే తీసుకుంటున్నారు, క్యూలో పాత యూనిట్ వాళ్ళు కనిపిస్తే నిద్రకి అని చెప్తారట, నాకు అభ్యంతరం లేదు. గుమ్మం కనిపించేలా కూర్చోవడం పోలేదు, ఎవరికీ ఇబ్బంది లేదు కాబట్టి నేను దాని జోలికి వెళ్ళలేదు.

ఈ కేసు తర్వాత మాజీ సైనికులని అడిగే ప్రశ్నలు మార్చుకున్నా. యుద్ధం చూశారా అని అడగను, ఏ పని చేసేవారు, ఆ పనిలో చెవికి, ముక్కుకి, చేతికి ఏం తగిలేది అని అడుగుతా. డ్రైవర్‌కి రోడ్డు పక్క మట్టికుప్ప, నర్సింగ్ అసిస్టెంట్‌కి డెట్టాల్ వాసన, ఆపరేటర్‌కి జవాబు రాని లైను. ప్రశ్నాపత్రం మొదటి రోజు ఇవ్వను. ఏ ఉద్యోగాలు మధ్యలో వదిలేశారో, సరిగ్గా ఏ రోజు వదిలేశారో తప్పకుండా అడుగుతా.

గన్ లైసెన్స్ రెన్యువల్ దగ్గర పడుతోంది. ఉంచుకోవాలా, సరెండర్ చెయ్యాలా అని ఆయన అడిగారు, భార్య సరెండర్ అంటున్నారు, ఆయనకి మనసొప్పట్లేదు. వచ్చే సెషన్‌కి ఇద్దర్నీ కలిసి రమ్మన్నా. అది తేలేదాకా గన్ స్టేషన్‌లోనే ఉంటుంది.